జేజూరి ఖండోబా: కథ కంటే ముందు పుట్టిన దేవుడు

హేతువాద సమావేశాల్లో నాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "తిరుపతి వెంకన్నని విమర్శించండి, బాబాలని విమర్శించండి. కానీ మల్లన్న, ఎల్లమ్మ, పోచమ్మ శ్రామిక కులాల దేవుళ్ళు కదా, పురాణాల్లోంచి ఊడిపడినవాళ్ళు కారు కదా, వాళ్ళ జోలికి మనమెందుకు పోవాలి?" అని. అడిగేవాళ్ళు భక్తులు కారు, మనలాంటివాళ్ళే. ఆస్తికుల వైపు నుంచి వచ్చే వాదన వేరు. "ఇది అనాదిగా వస్తున్న ఆచారం. మార్చమనడానికి మీరెవరు, ప్రభుత్వం ఎవరు?" అంటారు వాళ్ళు.

ఈ రెండు వాదనలకీ పైకి పొత్తు లేదు. కానీ రెండిటికీ అడుగున ఉన్న నమ్మకం ఒకటే. జానపద దేవుడు మొదటి నుంచీ ఇలాగే ఉన్నాడు, అతని ఆచారాలు ఇలాగే ఉన్నాయి అని. ఇది నిజం కాదని చెప్పడానికి ఎక్కడో వెతకనక్కర్లేదు. మన మల్లన్నకి మరాఠీ రూపమైన జేజూరి ఖండోబా చరిత్ర చూస్తే చాలు.

ఏడు కోట్ల దేవుడు

జేజూరి మహారాష్ట్రలో పుణే జిల్లా పురందర్ తాలూకాలో ఉంది. పుణే నగరానికి ఆగ్నేయంగా సుమారు 50 కిలోమీటర్లు. అక్కడ ఖండోబాకి రెండు గుళ్ళున్నాయి. ఎత్తయిన కొండ మీద ఉన్న కడేపఠార్ పాతది. ఇప్పుడు జనం ఎక్కువగా వెళ్ళే గడ్‌కోట్ దాని తర్వాతది, తక్కువ ఎత్తులో కోటగోడల మధ్య ఉంటుంది. నేను వెళ్ళింది పండగ రోజు కాదు. అయినా దిగేసరికి చొక్కా, జుట్టు, చెప్పులు అన్నీ పసుపే. అక్కడ పసుపుని 'భండారా' అంటారు, గుప్పిళ్ళతో గాల్లోకి చల్లుతారు. మెట్లు, దీపస్తంభాలు, మంటపం అంతా పసుపు పరుచుకుని ఉంటుంది. అందుకే ఆ ఊరిని బంగారు జేజూరి అంటారు.

అక్కడి జయజయధ్వానం "యళకోట్ యళకోట్ జయ మల్హార్". చాలామంది మరాఠీ భక్తులకి యళకోట్ అంటే అర్థం తెలియదు. తెలుగువాడికి కాస్త ఆలోచిస్తే తెలుస్తుంది. అది కన్నడ 'ఏళు కోటి', అంటే ఏడు కోట్లు. దేవుడి సేన ఏడు కోట్లని భక్తుల వివరణ. మరాఠీ గడ్డ మీద, మరాఠీ దేవుడి గుళ్ళో, జనం నోట రోజూ పలికే నినాదం కన్నడం! దేవుడు ఏ దారిన నడిచి వచ్చాడో ఆ ఒక్క మాట చెప్తోంది. కన్నడ దేశంలో అతని పేరు మైలార. తెలంగాణలో మల్లన్న. కొమురవెల్లిలో, ఐనవోలులో మల్లన్నకి చల్లే పసుపుని 'బండారి' అంటారు. మరాఠీ భండారా, మన బండారి ఒకటే మాట.

కథ ఎప్పుడు రాశారు?

స్థలపురాణం ఇలా ఉంటుంది. మణి, మల్లుడు అనే ఇద్దరు రాక్షసులు బ్రహ్మ దగ్గర వరం పొంది ఋషులను వేధించారు. ఋషులు ఇంద్రుడి దగ్గరికి, విష్ణువు దగ్గరికి వెళ్ళారు, పని కాలేదు. చివరికి శివుడు మార్తాండ భైరవుడిగా వచ్చి ఇద్దరినీ చంపాడు. మల్లుడికి శత్రువు కనుక మల్లారి అయ్యాడు, జనం నోట మల్హారి అయ్యాడు. ఈ విజయానికి గుర్తుగా మార్గశిర శుద్ధ షష్ఠి, అంటే చంపాషష్ఠి, జరుపుతారు.

ఈ కథకి ఆధారం 'మల్హారి మాహాత్మ్యం' అనే సంస్కృత గ్రంథం. తాను బ్రహ్మాండపురాణంలో భాగమని అది చెప్పుకుంటుంది. కానీ బ్రహ్మాండపురాణం ప్రామాణిక ప్రతుల్లో అది లేదు. ఖండోబా మీద జీవితకాలం పనిచేసిన ఇద్దరు పండితులున్నారు. ఒకరు మరాఠీ పరిశోధకుడు రామచంద్ర చింతామణ్ ఢేరే, ఖండోబా మీద ఆయన పుస్తకం 1961లో వచ్చింది. రెండోవారు జర్మన్ పండితుడు గుంథర్ సొంథైమర్, గొర్రెల కాపరుల మధ్య తిరిగి వాళ్ళ పాటలు, కథలు సేకరించినవాడు. ఈ గ్రంథం సుమారు 1460–1510 మధ్య పుట్టిందని, ఖండోబా కులదైవంగా ఉన్న ఒక దేశస్థ బ్రాహ్మణుడు రాసి ఉంటాడని వాళ్ళ అంచనా. అంటే అనాది అనుకునే కథ వయసు అయిదు వందల ఏళ్ళు. దేవుడు అంతకంటే పాతవాడు. ముందు దేవుడున్నాడు, తర్వాత కథ వచ్చింది.

ఇంకో విషయం గమనించండి. ఈ యుద్ధం ఎక్కడ జరిగింది? మా కొండ మీదే అంటుంది జేజూరి. బీదర్ దగ్గరి ఆది మైలార్ తన దగ్గరే అంటుంది. విజయనగర జిల్లాలో హూవినహడగలి తాలూకా మైలార కూడా ఇదే చెప్తుంది. కర్నూలు జిల్లాలోని దేవరగట్టు కూడా ఇదే చెప్తుంది. ఒకే ఇద్దరు రాక్షసులు ఇన్ని చోట్ల చావడం సాధ్యం కాదు. ఒకే కథ ఇన్ని చోట్లకి ప్రయాణించడం సాధ్యమే. ఆ కథని మోసినవాళ్ళు ఎవరు? గొర్రెలతో, సరుకులతో దక్కను అంతా తిరిగిన కాపరులు, వర్తకులు, వాళ్ళ వెంట నడిచిన బిచ్చగాళ్ళు, పాటగాళ్ళు.

భార్యలు చెప్పే చరిత్ర

మాహాత్మ్యం కంటే జనం చెప్పుకునే కథల్లో చరిత్ర ఎక్కువ దొరుకుతుంది. ఖండోబాకి ఇద్దరు ముఖ్యమైన భార్యలు. పెద్దామె మ్హాళసా, లింగాయతు వర్తక కులం పిల్ల. రెండో ఆమె బాణాయి, ధనగర్ల పిల్ల, అంటే గొర్రెల కాపరుల ఆడపడుచు. బాణాయి మీద మనసుపడి దేవుడు వేషం మార్చుకుని ఆమె ఇంట గొర్రెలు కాశాడని కథ. ఇంటికి తెచ్చాక సవతుల పోరు మొదలైంది. ఆ తగువు తీరిన విధం కొండ మీద ఇప్పటికీ కనిపిస్తుంది. మ్హాళసా పైన దేవుడి పక్కన ఉంటుంది. బాణాయి గుడి కొండ సగంలో ఉంటుంది. వర్తకుల అమ్మాయికి గర్భగుడి, కాపరుల అమ్మాయికి సగం మెట్లు!

ఇక్కడితో ఆగలేదు. రంభాయి దర్జీల పిల్ల, ఫులాయి తోటమాలీల పిల్ల, చందాయి గానుగవాళ్ళ పిల్ల అని ఇంకో ముగ్గురు భార్యలను కూడా చెప్తారు. చందాయి ముస్లిం అని ముస్లింలు చెప్పుకుంటారు. వాళ్ళు ఖండోబాని మల్లూఖాన్ అనీ, అజమత్ ఖాన్ అనీ పిలిచేవారు, గుర్రం మీద వచ్చే పఠానుగా ఊహించేవారు. జేజూరిలో దేవుడి గుర్రాల బాగోగులు ఒక ముస్లిం కుటుంబం వంశపారంపర్యంగా చూసేది.

దేవుడికి ఇంతమంది భార్యలెందుకు అని నవ్వి ఊరుకుంటే విషయం జారిపోతుంది. ఒక్కో కులం ఈ దేవుడి దగ్గరికి చేరినప్పుడు తమ ఇంటి అమ్మాయిని అతనికి ఇచ్చింది. అల్లుడైతే బంధుత్వం కలుస్తుంది, గుళ్ళో వాటా వస్తుంది. భార్యల జాబితా నిజానికి భక్తకులాల జాబితా.

ఇప్పుడు కొమురవెల్లి చూడండి. మల్లన్నకి ఇద్దరు భార్యలు. బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. ఒకరు వర్తకుల వైపు, ఒకరు కాపరుల వైపు. అచ్చం మ్హాళసా, బాణాయిల జోడీ. గర్భగుడిలో పూజ వీరశైవ అర్చకులది, బయట ముగ్గులతో పట్నాలు వేసి కథ చెప్పేది కురుమల ఒగ్గు పూజారులు. జేజూరి నుంచి కొమురవెల్లి దాకా భాష మారింది, పేర్లు మారాయి, సామాజిక నిర్మాణం మాత్రం మారలేదు. దీన్ని దైవలీల అనక్కర్లేదు. దక్కను పీఠభూమి అంతటా సంతలో ఎదురెదురుగా నిలబడిన రెండు వృత్తులు, మందని మేపేవాడు, సరుకు అమ్మేవాడు. వాళ్ళిద్దరూ పంచుకున్న దేవుడు కనుక ఇద్దరి ఆడపడుచులనీ పెళ్ళాడాడు.

మేకమాంసం ఎవరికి?

కాపరుల దేవుడు మాంసం తినకుండా ఉంటాడా? భైరవ శివుడిగా మారాక ఎలా తింటాడు? ఈ చిక్కుని మాహాత్మ్యం తెలివిగా విప్పింది. చనిపోయే ముందు మణి పశ్చాత్తాపపడి తన తెల్లగుర్రాన్ని దేవుడికి ఇచ్చాడట. ప్రతి గుళ్ళో తనకి చోటు, తనకి మేకమాంసం నైవేద్యం కావాలని అడిగాడట. దేవుడు సరేనన్నాడు. మల్లుడు మాత్రం లోకవినాశనం, నరమాంసం అడిగాడు. అతని తల తెగి మెట్ల దగ్గర పడింది, భక్తులు దాన్ని తొక్కి లోపలికి వెళ్తారు.

ఫలితం ఏమిటి? భక్తుడు తాతల నాటి నుంచి ఇస్తున్న మేకని ఇస్తూనే ఉన్నాడు. అది ఇప్పుడు దేవుడిది కాదు, మారిన రాక్షసుడిది! దేవుడి విస్తరి శాకాహారం అయిపోయింది. మొక్కు ఆగలేదు, చిరునామా మారింది. బ్రాహ్మణీకరణ అనే పెద్ద మాట వింటాం. అది ఆచరణలో ఎలా జరుగుతుందో చూడాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఎవరూ ఎవరి గుడినీ కూల్చలేదు. కథలో నాలుగు వాక్యాలు మార్చారు, అంతే.

రాజులు కూడా వచ్చారు. ధనగర్ కుటుంబంలో పుట్టి మరాఠా సర్దారుగా ఎదిగి ఇందూరు రాజ్యం స్థాపించిన మల్హర్‌రావు హోల్కర్ (1693–1766) పేరులోనే ఈ దేవుడున్నాడు. హోల్కర్ల కులదైవం జేజూరి ఖండోబా. గడ్‌కోట్‌కి ఇప్పుడు కనిపిస్తున్న వైభవంలో చాలా భాగం ఆ కుటుంబం డబ్బే. కాపరి సర్దారయ్యాడు, కాపరి దేవుడు కోటలో రాజయ్యాడు.

ఫూలే ఏమన్నాడు?

ఈ కథని మొదట తిరగేసి చదివినవాడు జోతిరావు ఫూలే (1827–1890). ఆయన పేరు కూడా ఒక కొండ దేవుడిదే. కొల్హాపూర్ దగ్గరి జోతిబా పండగనాడు పుట్టాడని ఆ పేరు పెట్టారు. 1873లో అచ్చయిన 'గులాంగిరీ'లో ఫూలే ఖండోబాని శివుడి అవతారం అనలేదు. బలిరాజు రాజ్యంలో ఒక ఖండానికి, అంటే ఒక ప్రాంతానికి, అధికారి అన్నాడు. శూద్రుల సొంత పాలకులను తర్వాతివాళ్ళు పురాణంలో ముంచి దేవుళ్ళని చేశారన్నది ఆయన వాదన.

హేతువాదిగా ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. ఫూలే చెప్పిన పదవ్యుత్పత్తులను రుజువులుగా తీసుకోలేం. బలిరాజు ప్రాంతీయ అధికారి అనడానికి శాసనం లేదు, వేరే సాక్ష్యం లేదు. ఖండోబా పేరు ఖండా, అంటే కత్తి, నుంచి వచ్చిందన్న వివరణే సూటిగా ఉంది. మనకి నచ్చిన వాళ్ళు చెప్పారు కదా అని ఒప్పుకుంటే మనకీ భక్తులకీ తేడా ఏముంటుంది? కానీ ఫూలే వేసిన ప్రశ్న మాత్రం సరైనది. ఈ కథ ఎవరు రాశారు, ఎవరికి లాభం, ఇందులో రాక్షసుడని ఎవర్ని అన్నారు? ఆయన జవాబు నిలవకపోయినా ఆ ప్రశ్న నిలిచింది. ఢేరే, సొంథైమర్‌ల పరిశోధన కూడా, వేరే దారిలోనే అయినా, ఈ కథ తర్వాత రాసిందేనని తేల్చింది.

మురళీలు

ఇక మొదట్లో చెప్పిన మిత్రుల ప్రశ్నకి వస్తాను. జానపద దేవుడు శ్రామికుల దేవుడే. ఆ దేవుడి మొక్కుల బరువు మోసింది కూడా శ్రామికుల పిల్లలే.

పిల్లలు పుట్టకపోతేనో, పుట్టిన బిడ్డ బతకకపోతేనో ఖండోబాకి మొక్కుకునేవారు. మొక్కు ఫలిస్తే ఒక బిడ్డని దేవుడికి ఇవ్వాలి. మగపిల్లాడైతే వాఘ్యా, అంటే దేవుడి పులి. ఆడపిల్లైతే మురళీ. ఆ పిల్లకి ఖండోబాతో పెళ్ళి చేసి, మెడలో గవ్వల దండ వేసేవారు. వాఘ్యా మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చు. మురళీ చేసుకోకూడదు, ఆమెకి మొగుడు దేవుడు కదా! జాగరణల్లో రాత్రంతా పాడి ఆడటం ఆమె వృత్తి. దాని వెనక ఆమె మీద ఊరి పెద్దమనుషులకి ఎలాంటి హక్కు వచ్చేదో వివరించనక్కర్లేదు. ఈ పిల్లల్లో చాలామంది మహార్, మాంగ్ లాంటి అంటరాని కులాలవాళ్ళు, మిగతావాళ్ళు ఇతర పేద కులాలవాళ్ళు. మాహాత్మ్యం రాసిన వర్గం తన కూతుళ్ళను మురళీలుగా ఇవ్వలేదు.

దీని మీద మొదటి గట్టి పోరాటం బయటి నుంచి రాలేదు, ఆ కులాల్లోంచే వచ్చింది. పుణేకి చెందిన మహార్ నాయకుడు శివరాం జానబా కాంబ్లే 1908లో 'సోమవంశీయ మిత్ర' అనే పత్రిక పెట్టాడు. మురళీ ఆచారాన్ని వదలమని అందులో రాశాడు. 1909లో శివూబాయి అనే మురళీ ఆ పత్రికకి ఉత్తరం రాసింది. తన బతుకు ఎలా ఉందో బయటపెట్టింది. కాంబ్లే సహచరుడు గణపతిరావు గాయక్వాడ్ ఆమెని పెళ్ళి చేసుకున్నాడు. దేవుడి భార్యని మనిషి పెళ్ళాడితే అరిష్టం అనుకునే కాలం అది. ఆ పెళ్ళి ఒక ఉపన్యాసం కంటే ఎక్కువ పని చేసి ఉంటుంది.

తర్వాత చట్టాలు వచ్చాయి. కొల్హాపూర్ సంస్థానంలో శాహూ మహారాజు 1920లో జోగిని, మురళీ ఆచారాల మీద చట్టం తెచ్చాడు. 1934లో బొంబాయి దేవదాసీ రక్షణ చట్టం, 1982లో కర్ణాటక చట్టం, 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం, 2005లో మహారాష్ట్ర కొత్త చట్టం. ఒకే విషయం మీద ఇన్నిసార్లు చట్టం చేయాల్సి వచ్చిందంటే, కాగితం మీద పోయింది ఊళ్ళో పోవడానికి ఎంత కాలం పట్టిందో అర్థం చేసుకోండి. మన వైపు నిజామాబాద్ జిల్లాలో జోగినుల మధ్య ఏళ్ళ తరబడి పనిచేసిన హేమలతా లవణం నాస్తికురాలు. ఎల్లమ్మ పేరు మీద, పోచమ్మ పేరు మీద ఆడపిల్లలను ఊరికి అప్పగిస్తుంటే "ఇది బహుజన సంస్కృతి, మనం మాట్లాడకూడదు" అని ఆమె అనుకోలేదు.

దేవరగట్టు రాత్రి

కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టు కొండ మీద మాళ మల్లేశ్వరస్వామి ఉన్నాడు. ఈయనా ఈ కుటుంబంలోని దేవుడే. మైలార దేవుడి గొరవయ్యలు ఇక్కడా ఉన్నారు, కథ కూడా మణి, మల్లాసురులదే. దసరా రాత్రి కల్యాణం అయ్యాక ఉత్సవమూర్తులను కొండ దింపుతారు. విగ్రహాలు తమకి కావాలంటే తమకని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కాగడాల వెలుగులో, ఇనుప తొడుగుల కర్రలతో తలపడతారు. దీన్ని బన్ని ఉత్సవం అంటారు, పత్రికలు కర్రల సమరం అంటాయి. వందలమంది పోలీసులు, కెమెరాలు ఉన్నా ఏటా పదులమంది తలలు పగులుతాయి. 2023లోనూ, 2025లోనూ ప్రాణాలు పోయాయి. పగిలిన తలకి బండారి అద్దుకుని మళ్ళీ దిగేవాళ్ళుంటారు. జేజూరిలో గాల్లోకి చల్లే పసుపు ఇక్కడ నెత్తురులో కలుస్తోంది.

"ఇది మా ఆచారం, ఆపితే అరిష్టం" అంటారు అక్కడివాళ్ళు. మనం దూరం నుంచి మూర్ఖులని తిడితే ఒక్కడూ కర్ర కింద పెట్టడు. వాళ్ళ కథనే వాళ్ళకి గుర్తు చేయాలని నా అభిప్రాయం. చనిపోతున్న రాక్షసులు ఏటా నరబలి అడిగారని, దేవుడు ఒప్పుకోలేదని, దానికి బదులు గొరవయ్య పిడికెడు నెత్తురు ఇచ్చేలా కుదిరిందని దేవరగట్టులోనే చెప్తారు. ఈ రోజుకీ ఊరేగింపు దారిలో రక్షపడ దగ్గర గొరవయ్య తొడ మీద గాటు పెట్టి ఆ నెత్తురు ఇస్తాడు. అంటే ఏమిటి? మనిషి ప్రాణం దగ్గర నుంచి పిడికెడు నెత్తురుకి బేరం దిగిందని ఆ ఊరి కథే ఒప్పుకుంటోంది. రాక్షసుడే తగ్గాడు. మనుషులు తగ్గలేరా?

జేజూరి చెప్పేదీ అదే. అక్కడ ఒకప్పుడు వీపుకి కొక్కేలు గుచ్చుకుని గాల్లో వేలాడే మొక్కు ఉండేది. 19వ శతాబ్దంలో అది ఆగిపోయింది. మేక చిరునామా మారింది. మురళీల పెళ్ళిళ్ళు నేరమయ్యాయి. కొత్త భార్యలు చేరారు, కొత్త గుడి లేచింది, భాషే మారిపోయింది. ఇన్ని మారినా చంపాషష్ఠికి జనం వస్తూనే ఉన్నారు, పసుపు చల్లుతూనే ఉన్నారు. ఏ అరిష్టమూ రాలేదు. దేవుడి మీద నమ్మకం పోయినవాళ్ళు పోయారు, ఉన్నవాళ్ళు ఉన్నారు. ఆడపిల్లలు మాత్రం బతికిపోయారు.

అందుకని మిత్రులకి నా జవాబు ఇది. జానపద దేవుడి జోలికి మనం పోవాలి. వెక్కిరించడానికి కాదు. అతని చరిత్ర తవ్వడానికి, ఆ మొక్కు ఎవరి ఒంటి మీద తీరుతోందో అడగడానికి. ఆచారం అనాది అన్నవాళ్ళకి తేదీలు చూపించాలి. శివూబాయి ఉత్తరం రాసిన 1909 కూడా ఆ దేవుడి చరిత్రలో ఒక తేదీయే. వచ్చే దసరాకి ముందు దేవరగట్టు చుట్టుపక్కల ఊళ్ళకి వెళ్ళగలిగిన మిత్రులు ఉంటే ఆ తేదీతోనే మాట మొదలుపెట్టండి.